జీతం వద్దని రాసిస్తే లాభదాయక పదవి కాకుండా పోతుందా?

ప్రశ్న: మా బావగారు రాష్ట్ర ప్రభుత్వ కార్పొరేషన్ ఒకదానికి నామినేటెడ్ చైర్మన్. జీతం వద్దని మొదట్లోనే లెటర్ ఇచ్చేశారు, కారు మాత్రం వాడతారు. వచ్చేసారి ఎమ్మెల్యేగా పోటీ చేద్దామనుకుంటున్నారు. పైసా తీసుకోలేదు కాబట్టి ఆఫీస్ ఆఫ్ ప్రాఫిట్ (లాభదాయక పదవి) కిందకి రాదని పార్టీలో అంటున్నారు. నిజమేనా సార్?

జవాబు: అది నమ్ముకుని మాత్రం నామినేషన్ వేయొద్దని చెప్పండమ్మా. రాజ్యాంగంలో ఆర్టికల్ 191 ఎమ్మెల్యేలకి, 102 ఎంపీలకి. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవాళ్లు ఎన్నికవ్వడానికీ కుదరదు, ఎన్నికయ్యాక అలాంటి పదవి తీసుకున్నా సభ్యత్వం పోతుంది. అసలు లాభదాయక పదవి అంటే ఏంటో రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు, అందుకే ఈ మాటకి అర్థం అంతా కోర్టు తీర్పుల్లోనే వెతుక్కోవాలి.

మీ బావగారి కేసుకి దగ్గరగా ఉన్నది జయా బచ్చన్ గారిది. 2004లో ఆవిడ రాజ్యసభ ఎంపీగా ఉండగా యూపీ ప్రభుత్వం ఫిల్మ్ డెవలప్‌మెంట్ కౌన్సిల్‌కి చైర్‌పర్సన్‌గా వేసింది, ఆ పదవికి నెలకి 5,000 గౌరవ వేతనం, ఇంకా అలవెన్సులు, కారు లాంటివి ఉన్నాయి. నేను ఒక్క రూపాయి తీసుకోలేదు, ఏ సౌకర్యమూ వాడుకోలేదు అని 2006లో సభ్యత్వం పోయాక ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాదించారు, అయినా ఫలితం లేకపోయింది. మనిషి తీసుకున్నాడా లేదా అని కాదు, తీసుకోవడానికి ఆ పదవి వీలిస్తుందా లేదా అని చూస్తాం అని కోర్టు తేల్చి చెప్పింది. ఆ గొడవలోనే సోనియా గాంధీ గారు కూడా లోక్‌సభకి, జాతీయ సలహా మండలి పదవికి రాజీనామా చేసి రాయ్‌బరేలీలో మళ్లీ పోటీ చేసి గెలిచారు.

కాబట్టి బావగారి లెటర్ కన్నా ఆయన్ని నియమించిన జీవో ముఖ్యం. అందులో జీతం, గౌరవ వేతనం అని ఉందా, లేక తిరగడానికి అయిన ఖర్చు ఇస్తాం అని మాత్రమే ఉందా చూడండి. చేతి నుంచి పెట్టుకున్న ఖర్చు తిరిగిస్తే అది లాభం కాదు. కానీ గౌరవ వేతనం అని పేరు పెట్టినంత మాత్రాన తప్పించుకోలేం, జార్ఖండ్ నేత శిబూ సోరెన్ గారి రాజ్యసభ ఎన్నిక 2001లో అలాగే పోయింది.

ఇంకో ముక్క కూడా ఉంది, పదవి "ప్రభుత్వం కింద" ఉండాలి. నియమించేది ఎవరు, తీసేసేది ఎవరు, డబ్బు ఎవరిస్తారు, పని మీద అదుపు ఎవరిది, ఇవన్నీ కలిపి చూస్తారు. మన దగ్గర నాగూరు ఎస్టీ సీటు నుంచి గెలిచిన శత్రుచర్ల చంద్రశేఖర్ రాజు గారు అంతకుముందు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) బడిలో టీచర్. ఎన్నిక చెల్లదని హైకోర్టు కొట్టేస్తే 1992లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికని నిలబెట్టింది, డబ్బు సర్కారుదే అయినా ఐటీడీఏ వేరే రిజిస్టర్డ్ సొసైటీ, ఆ టీచర్ ఉద్యోగం ప్రభుత్వం కింద పదవి కాదు అని. యూపీలో బేసిక్ ఎడ్యుకేషన్ బోర్డు టీచర్ విషయంలో మాత్రం అంతకుముందే ఇదే కోర్టు ఉల్టాగా చెప్పింది. ఒకరికి వర్తించింది ఇంకొకరికి వర్తిస్తుందనుకోకూడదు అనేది ఇందుకే. మీ బావగారిని జీవోతో వేసింది ప్రభుత్వమే, తీసేయగలిగేదీ ప్రభుత్వమే అయితే ఈ పాయింట్ ఆయనకి పెద్దగా కలిసిరాదు.

అయితే ఒక దారి ఉంది. ఏ పదవులకి అనర్హత ఉండదో శాసనసభ చట్టం చేసి మినహాయించొచ్చు. ఏపీలో జీతాలు, పెన్షన్, అనర్హతల తొలగింపు చట్టం 1953 అని ఒకటుంది, తెలంగాణ కూడా దాన్నే తీసుకుంది. అందులో ఈ కార్పొరేషన్ చైర్మన్ పదవి ఉందేమో తాజా సవరణలతో సహా చూడాలి, పాత పుస్తకం చూసి చెప్పేవాళ్లని నమ్మొద్దు. వెనకటి తేదీ నుంచి మినహాయింపు ఇచ్చినా చెల్లుతుందని కాంతా కథూరియా కేసులో 1969లోనే సుప్రీంకోర్టు చెప్పింది గానీ, అసెంబ్లీ ఎప్పుడో చట్టం చేస్తుందని కూర్చోవడం నా దృష్టిలో ప్రమాదం.

2015లో తెలంగాణలో పార్లమెంటరీ కార్యదర్శుల్ని (మంత్రులకి సాయంగా వేసిన ఎమ్మెల్యేల్ని) హైకోర్టు ఆపింది కదా, అదీ ఇదేనా అని చాలామంది అడుగుతారు. అక్కడ ప్రధాన పాయింట్ మంత్రుల సంఖ్య సభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదన్న పరిమితి, దాన్ని దీంతో కలపకండి.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. అర్హత చూసేది నామినేషన్ల స్క్రూటినీ (పరిశీలన) రోజున. అయినా అంతదాకా ఆగకుండా నామినేషన్‌కి ముందే రాజీనామా ఇచ్చి, అది ఆమోదించినట్టు ఉత్తర్వు చేతికి తీసుకోమనండి. రాజీనామా ఇచ్చాను అంటే చాలదు, ఆమోదం లేకపోతే పదవిలో ఉన్నట్టే అని ఎదుటి అభ్యర్థి ఎన్నికల పిటిషన్ వేస్తాడు. కారు ఆ రోజే అప్పగించి, తీసుకున్నట్టు రసీదు రాయించుకోవాలి. నియామక జీవో, రాజీనామా కాపీ, ఆమోద ఉత్తర్వు, కారు రసీదు, ఈ నాలుగూ పట్టుకుని నామినేషన్‌కి ముందు మీ ఊళ్లో ఎన్నికల కేసులు చూసే లాయర్‌కి ఒకసారి చూపించండి.