ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు పాపా

పాపా,

నిన్న సాయంత్రం మీ నాయన ఫోన్ చేసినాడు. నీకు ఐదో నెలంట, కాన్పు డల్లాస్‌లోనే అంట. "అక్కడ పుడితే రేపు అమెరికా ప్రెసిడెంటుకు కూడా నిలబడొచ్చంట కదరా" అన్నాడు. అనంతపురమంతా వినపడేటంత సంతోషం ఆ గొంతులో. నాకూ అంతే సంతోషం. కానీ ఫోన్ పెట్టినప్పటి నుంచి నా మనసు మీ కాగితాల మీదే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

మీ నాయన అన్నమాట నిజమే. అక్కడి రాజ్యాంగం ప్రెసిడెంటుకు మూడే అడుగుతుంది: పుట్టుకతో పౌరులై ఉండాలి, 35 ఏళ్ళు నిండాలి, 14 ఏళ్ళు ఆ దేశంలో కాపురముండాలి. ఆ నేల మీద పుట్టినవాళ్ళు పౌరులేనని 1868లో వచ్చిన 14వ సవరణ చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. 1964లో ఓక్లండ్‌లో కమలా హ్యారిస్‌ను కన్నప్పుడు తల్లి ఇండియా నుంచి, తండ్రి జమైకా నుంచి చదువుకు పోయినవాళ్ళే. ఆమె వైస్ ప్రెసిడెంటు అయ్యింది, ఆ పదవికీ ఇవే అర్హతలు.

అయితే 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు సంగతి మీకు తెలిసే ఉంటుంది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే ఆ బిడ్డను పౌరులుగా లెక్కపెట్టేది లేదని దాని సారం. మూడు రోజులకే సియాటిల్ జడ్జి ఆపినాడు, తర్వాత కేసు పై కోర్టులకు ఎక్కింది. మీ ఇద్దరిదీ హెచ్-1బీనే, అదీ తాత్కాలిక ఉద్యోగ వీసానే. కాబట్టి కాన్పు నెలకు ఆ కేసు ఎక్కడుందో మీ ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి, వాట్సాప్ గ్రూపులను కాదు. పుట్టిన రోజుకు అమల్లో ఉన్న మీ ఇద్దరి ఐ-797 (హెచ్-1బీ మంజూరు కాగితం), ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు), వీసా పేజీ కాపీలు ఒక ఫైల్లో పెట్టండి. ఆ రోజు మీరు ఏ హోదాలో ఉన్నారో పదేళ్ళ తర్వాత ఎవరన్నా అడిగితే చూపించేది ఆ ఫైలే.

ఇప్పుడు నాకు నిద్రపట్టనీయని సంగతి చెప్తా.

మన దిక్కు పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే. పాస్‌పోర్టు ఫారం నింపేటప్పుడు "సర్టిఫికెట్లో లేనిది రాయొద్దు" అని ఎవరో ఒకరు చెప్తారు, ఇంటిపేరు గడి ఖాళీ పెట్టేస్తారు, మొత్తం పేరు రెండో గడిలో పోతుంది. ఇక్కడున్నంత కాలం ఏ ఇబ్బందీ కనపడదు. అమెరికా వీసా కొట్టేటప్పుడు పేరంతా ఇంటిపేరు చోటికి జరుగుతుంది, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. అంటే పేరు తెలియనివాడు. అదే డ్రైవింగ్ లైసెన్సుకు పోతుంది, జీతం కాగితానికి పోతుంది, ఆస్పత్రి రికార్డుకు పోతుంది. కడాకు బిడ్డ బర్త్ సర్టిఫికెట్లో తండ్రి పేరు ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చవుతుంది. పుట్టిన బిడ్డకు అమ్మానాయన ఎవరో చెప్పే మొదటి కాగితంలో నాయనకు పేరు లేదన్నట్టు! తర్వాత ఓసీఐకి, అంటే వేరే దేశం పౌరులైన మనవాళ్ళకు మన సర్కారు ఇచ్చే కార్డుకు పోతే పాస్‌పోర్టులో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకొక పేరు. అఫిడవిట్లు, నోటరీలు, తిప్పి పంపడాలు, నెలలు. ఎవరి కుట్రా లేదు ఇందులో, ఒక ఖాళీ గడి చేసే పని ఇది.

అల్లుని పాస్‌పోర్టు ఇప్పుడే తీసి చూడు. ఫోటో పేజీ అడుగున రెండు వరుసల అక్షరాలుంటాయి. పై వరుసలో ఐఎన్‌డీ తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత పక్కపక్కనే రెండు బాణం గుర్తులు, వాటి తర్వాత పేరు ఉండాలి. అట్ల లేకపోతే ఏడో నెల రాకముందే రీఇష్యూకు పెట్టి ఇంటిపేరు, పేరు విడగొట్టించండి. పాత పాస్‌పోర్టు పారేయొద్దు, వీసా ఉండేది దాంట్లోనే.

ఆస్పత్రిలో డిశ్చార్జికి ముందే బర్త్ సర్టిఫికెట్ కోసం ఒక వర్క్‌షీట్ ఇస్తారు. మీ జేజి "తొట్టిలో వేసే రోజు వరకు పేరు పెట్టేది లేదు" అంటుంది, అయ్యవారు అక్షరం చెప్పాలంటుంది. ఆమెకు నేను నచ్చజెప్తా. ఇరవై ఒకటో రోజు చెవిలో పిలిచే పేరు వేరే ఉంటే ఉండనీ. కాగితంలోకి పోయే పేరు, దాని స్పెల్లింగు, ఎనిమిదో నెలలోనే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, పెద్ద అక్షరాలతో రాసి ఆస్పత్రి సంచిలో పెట్టుకోండి. న్యూమరాలజీ కోసం అక్షరాలు కలిపేదుంటే ఆ రోజే కలపండి, తర్వాత కాదు. నొప్పులు పడి లేచిన ఒంటితో, నిద్రలేని కళ్ళతో ఆ ఫారం నువ్వు నింపొద్దు తల్లీ. అల్లుడు నింపాల, నువ్వు ఒక్కొక్క అక్షరం చదివి సంతకం పెట్టాల. సోషల్ సెక్యూరిటీ నంబరు గడిలో టిక్కు అక్కడే పెట్టండి.

బర్త్ సర్టిఫికెట్ లాంగ్ ఫారమే అడగండి, తల్లిదండ్రుల పేర్లుండేది. మూడు కాపీలు తీసుకోండి. బిడ్డ అమెరికా పాస్‌పోర్టుకు డీఎస్-11 ఫారం, ఇద్దరూ బిడ్డను ఎత్తుకుని స్వయంగా పోవాల. ఒకరు పోలేకపోతే వాళ్ళ ఒప్పుదల రాసిన డీఎస్-3053 ఫారం, నోటరీ చేయించి. ఆ పాస్‌పోర్టు ఐదేళ్ళే చెల్లుతుంది.

మన దేశం వైపు కూడా చూసుకోవాల, దీన్ని ఎవరూ ముందే చెప్పరు. అమెరికా పాస్‌పోర్టు తీసుకోకముందు, ఏడాది లోపల కాన్సులేట్‌లో పుట్టుక నమోదు చేయిస్తే బిడ్డ వంశపారంపర్యంగా భారత పౌరుడవుతుంది. వేరే దేశం పాస్‌పోర్టు లేదని మీరు రాసివ్వాల. పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లో రెండో పౌరసత్వం వదలకపోతే మనది పోతుంది. కానీ అమెరికా తన పౌరులు తన పాస్‌పోర్టు మీదే రాకపోకలు చేయాలంటుంది. అందుకే నా మాట: అమెరికా పాస్‌పోర్టు, దాని మీద ఓసీఐ. ఓసీఐకి ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడేది లేదు, చేను కొనేది లేదు. మన బుడ్డల చేను వారసత్వంగా మాత్రం వస్తుంది, దాని గురించి దిగులొద్దు. రాష్ట్రపతి పదవి కూడా లేదని పౌరసత్వ చట్టం 7బీ సెక్షన్ పేరుపెట్టి చెప్తుంది.

ఆ తలుపు మూసుకుపోయిందని మాత్రం మీ నాయన బాధపడనక్కరలేదు. మన రాజ్యాంగం 58వ అధికరణం రాష్ట్రపతికి ఇక్కడే పుట్టాలని అడగదు. పౌరులై, 35 నిండి, లోక్‌సభకు అర్హత ఉంటే చాలు. ఓసీఐ తీసుకుని ఐదేళ్ళయ్యి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ కాపురముంటే పౌరసత్వానికి పెట్టుకోవచ్చు, అక్కడిది వదులుకోవాల. మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయినారంటే, ఆ ఏడు పడిన 37 నామినేషన్లలో 36 పరిశీలనలో చెల్లలేదు. ఇప్పుడైతే యాభైమంది ప్రతిపాదించాల, యాభైమంది బలపరచాల, 15,000 డిపాజిట్టు, ఓటర్ల జాబితాలో పేరున్నట్టు ధ్రువీకరించిన నకలు. అక్కడా మొదట చూసేది పేరు ఎట్ల రాసిందనే.

ఉగాదికి తీసుకొస్తామన్నావంట. బిడ్డ పాస్‌పోర్టు వచ్చినాకే ఓసీఐకి పెట్టేది, రెండింటికీ వారాలు పడుతుంది. అందకపోతే ఎంట్రీ వీసా మీద రండి, టికెట్లు మాత్రం ముందే కొనొద్దు.

మెట్లు మెల్లగా దిగు. పొద్దున పాలు మానొద్దు. అల్లుని పాస్‌పోర్టు చూసి, పై వరుసలో ఇంటిపేరు విడిగా ఉందో లేదో ఈ వారంలోనే నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ చిన్నాయన