రెండు ఎఫ్‌లు వచ్చాయి, యూసీ ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంటి దగ్గర కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా)కి మారతాడనుకున్నాం. మొదటి ఏడాది ఏ ఒకటి, బీ ఒకటి, సీలు రెండు. కాలిక్యులస్, కెమిస్ట్రీలో ఎఫ్‌లు, అంటే ఫెయిల్. రోజూ బ్యాగు తగిలించుకుని వెళ్లి కాలేజీ పార్కింగ్‌లో కారులోనే కూర్చునేవాడట. మావారు వాడితో మాట్లాడటం మానేశారు. ఇండియా పంపి మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ చేయిద్దామంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు ఒక చిన్న లెక్క. ఏకి 4, బీకి 3, సీకి 2, ఎఫ్‌కి 0 పాయింట్లు. కోర్సులన్నీ సమాన యూనిట్లనుకుంటే ఇప్పుడు వాడి జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 1.83. ఆ రెండూ మళ్లీ చదివి బీలు తెచ్చుకుంటే 2.83. మీ రాష్ట్రంలో కమ్యూనిటీ కాలేజీలో ఎఫ్ వచ్చిన కోర్సు మళ్లీ చేయొచ్చు, అప్పుడు కొత్త గ్రేడునే లెక్కలోకి తీసుకుంటారు. పాతది ట్రాన్‌స్క్రిప్టులో కనిపిస్తూనే ఉంటుంది, దరఖాస్తులో దాచకూడదు. రాష్ట్రవాసులకు ట్రాన్స్‌ఫర్ కోసం యూసీ అడిగే కనీస జీపీఏ 2.4, కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) అడిగేది 2.0. అంతమాత్రాన సీటు వచ్చేసినట్టు కాదు. యూసీ బర్క్‌లీలో కంప్యూటర్ సైన్సే కావాలంటే 2.83 సరిపోదు. యూసీలోనే రివర్‌సైడ్, మెర్సెడ్, ఇంకా కాల్ స్టేట్ క్యాంపస్‌లు కూడా చూడండి. రెండేళ్లు మూడేళ్లయితే అవనివ్వండి.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది పార్కింగ్ దగ్గర. బద్ధకమైతే ఇంట్లోనే ముసుగుతన్ని పడుకునేవాడు. అంతదూరం వెళ్లి కారు దిగలేకపోయాడంటే లోపల ఏదో భయం ఉంది. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో గమనించండి. బతకాలని లేదనిపిస్తోందా అని సూటిగానే అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.

ఇండియా అంటారా? కాలిక్యులస్‌కి భయపడ్డవాడికి అక్కడ మొదటి సెమిస్టర్‌లోనే ఎం-వన్ (ఇంజినీరింగ్ మ్యాథ్స్ మొదటి పేపర్) ఎదురవుతుంది. అప్పుడు పక్కన అమ్మ కూడా ఉండదు.

మీవారిదీ భయమే కావచ్చు. కానీ నాన్న మాట్లాడని ఇంట్లో పిల్లలు దాచడం ఇంకా బాగా నేర్చుకుంటారు. చదువు ఊసెత్తకుండా కారుకి ఆయిల్ మార్పించే పనిమీద ఇద్దర్నీ పంపండి.

వచ్చే సెమిస్టర్ ఆ రెండు సబ్జెక్టులూ ఒకేసారి వద్దు. కాలిక్యులస్, తోడుగా తేలికైనది ఒకటి చాలు. ఫీజు సాయం తీసుకుంటుంటే మాత్రం యూనిట్లు తగ్గించేముందు కాలేజీలో కనుక్కోవాలి. మీరు ఫోన్ చేస్తే వాళ్లు సాధారణంగా గ్రేడ్ల సంగతి చెప్పరు, ఫీజు మీరే కట్టినా సరే. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా చట్టం ప్రకారం మామూలుగా వాడి ఒప్పుదల కావాలి. అందుకే కాలేజీ కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ వాడితోనే తీయించండి. ఆ రోజు పార్కింగ్ దాకా మీరూ వెళ్లండి. వాడు దిగి లోపలికెళ్తాడు, ఈసారి కారులో మీరు కూర్చోండి.