స్లాబ్‌లో సీల్ చేసిన రోమన్ నాణేన్ని బయటికి తియ్యొచ్చా? తీస్తే ఎలా?

రోమన్ చక్రవర్తి టిబెరియస్ కాలం నాటి డెనారియస్ (రోమన్ల వెండి నాణెం) ఒకటి ఎన్‌జీసీ స్లాబ్‌లో కొన్నాననీ, చేత్తో పట్టుకుని చూడాలనుందనీ రాశారు. ఎన్‌జీసీ అంటే నాణేల్ని పరీక్షించి గ్రేడు ఇచ్చే అమెరికన్ సంస్థ. స్లాబ్ అంటే వాళ్లు నాణేన్నీ, దాని వివరాల లేబుల్‌నీ పెట్టి సీల్ చేసే గట్టి ప్లాస్టిక్ పెట్టె. పగలగొడితే విలువ పోతుందా, నాణేనికేమైనా అవుతుందా అన్నది మీ టెన్షన్. నా మాట అడిగితే, తీసేయండి. నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడ కొనే పాత నాణేలు చాలావరకు స్లాబుల్లోనే వస్తాయి. నా దగ్గరే ఉంచుకుందామనుకున్నవాటిని బయటికి తీసేస్తాను. అమ్మే ఉద్దేశం ఉన్నవాటిని మాత్రం ముట్టుకోను.

ముందు విలువ సంగతి. అమెరికన్ డాలర్ నాణేలకి ఇచ్చే గ్యారంటీ పురాతన నాణేలకి కూడా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎన్‌జీసీ వాళ్లు 2008లో పురాతన నాణేల విభాగం పెట్టారు. అసలుదని తాము నమ్మిన నాణేన్నే సీల్ చేస్తారు. కానీ అది అసలుదేనని గానీ, ఫలానా రాజుదేనని గానీ గ్యారంటీ ఇవ్వరు. వాళ్ల నిబంధనల్లోనే ఆ ముక్క ఉంది. కాబట్టి స్లాబ్ పోతే మీకు పోయేది గ్రేడు, అచ్చు ఎంత బాగా పడిందో, ఉపరితలం ఎంత బాగుందో చూసి 5కి ఇన్ని అని వేసిన మార్కులు, కొత్తగా కొనేవాళ్లకి కలిగే ధైర్యం. మామూలు డెనారియస్‌కి ఇది పెద్ద నష్టం కాదు. యూరప్ వేలాల్లో ఇప్పటికీ ఎక్కువగా విడి నాణేలే అమ్ముడవుతాయి. అదే వేల డాలర్ల బంగారు నాణెం అయితే మాత్రం ఆగండి.

బయటికి తీయమనడానికి నా అసలు కారణం వేరే. పురాతన నాణేనికి అంచులోనే సగం జాతకం ఉంటుంది. సుత్తితో కొట్టి అచ్చు వేసిన డెనారియస్ అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, అక్కడక్కడా చీలి ఉంటుంది. పోత పోసిన నకిలీకైతే అంచు చుట్టూ అతుకు గీత, దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ కనబడొచ్చు. రాగి ముక్కకి వెండి తొడిగిన ప్రాచీన దొంగ నాణేలూ ఉన్నాయి. వాటి వెండి ముందు అంచు దగ్గరే లేచి, కింద రాగి ఎర్రగా బయటపడుతుంది. స్లాబ్‌లో నాణేన్ని పట్టుకుని ఉండే పళ్లు సరిగ్గా ఆ అంచునే కప్పేస్తాయి.

తీయకూడనివీ ఉన్నాయి. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉన్న వెండి ఒక్కోసారి లోపల్లోపలే తుప్పుపట్టి పెళుసుబారుతుంది. పైకి చక్కగానే ఉంటుంది, చిన్న దెబ్బకి బిస్కెట్‌లా విరిగిపోతుంది. టార్చి లైటు పక్కనుంచి వేసి భూతద్దంతో చూడండి. వెంట్రుకల్లాంటి పగుళ్లు అల్లుకుని కనిపిస్తే వదిలేయండి. శాతవాహనుల సీసపు నాణేల విషయంలోనూ నేను వెనకాడతాను. సీసం మెత్తన, గోరు గట్టిగా తగిలినా గీత పడుతుంది. పైగా చెక్క పెట్టెలో పెడితే చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లటి పొడి తేలుతుంది.

ఇక పని. ముందు స్లాబ్‌ని రెండువైపులా ఫొటో తీసుకోండి, సర్టిఫికెట్ నంబరు స్పష్టంగా పడాలి. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి, ఆ ప్లాస్టిక్ ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. బల్ల మీద మందపాటి తువ్వాలు పరవండి. స్లాబ్‌ని పారదర్శకమైన జిప్ కవర్లో పెట్టి, లేబుల్ ఉన్న వైపు మూలని కటింగ్ ప్లయర్‌తో కొరకండి. నాణెం రెండో వైపు ఉంటుంది కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు. టప్‌మని శబ్దం వస్తుంది, భయపడకండి. రెండో మూల కూడా అలాగే. అప్పుడు అతుకు దగ్గర సన్నటి సందు కనబడుతుంది. అందులో చదునైన స్క్రూడ్రైవర్ మొన పెట్టి మెల్లగా తిప్పండి. లోపలికి పొడవకండి, తిప్పడమే. అతుకు కొంచెం కొంచెంగా విడిపోతుంది. నాణెం ఉన్న చోటికి వచ్చేసరికి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, రెండు పలకల్నీ చేతులతోనే విడదీయండి. లోపల నాణేన్ని పట్టుకున్న తెల్లటి చట్రం వస్తుంది. నాణేన్ని వేలితో నెట్టొద్దు. చట్రాన్నే అటూ ఇటూ కొద్దిగా వంచితే పళ్లు వదులై నాణెం తువ్వాలు మీద పడుతుంది.

సుత్తితో కొట్టేవాళ్లూ, బెంచ్ వైస్‌లో బిగించేవాళ్లూ ఉన్నారు. ఆధునిక నాణేలకి అది చెల్లుతుందేమో గానీ పాత వెండికి నేను ఒప్పుకోను. రంపంతో కోస్తే పొడి అంతా నాణెం మీదే. అసిటోన్‌లో నానబెట్టడం అన్నిటికంటే చెడ్డ సలహా. అసిటోన్ వెండిని ఏమీ చెయ్యదు, ప్లాస్టిక్‌ని మాత్రం జిగురులా కరిగించి దాని మీద పూస్తుంది.

బయటికి వచ్చాక 0.01 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు మీద తూచి, లేబుల్ మీద బరువు రాసి ఉంటే సరిపోల్చుకోండి. టిబెరియస్ డెనారియస్ 3.7 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. పీవీసీ అనే ప్లాస్టిక్ వాడని ఫ్లిప్‌లో (నాణేలు దాచే చిన్న పారదర్శక కవరు) ఆ లేబుల్‌తో పాటు దాచండి. పీవీసీ అయితే కొన్నాళ్లకి పచ్చటి జిడ్డు పడుతుంది. లేబుల్ పారేస్తే రేపు అమ్మేటప్పుడు నాణెం చరిత్ర చెప్పడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. ఇంట్లో పెద్దవాళ్లు నల్లబడిందని చింతపండు పెట్టి తోమకుండా కాస్త కాపలా కాయండి. ఆ నలుపు శతాబ్దాల నాటిది, పోతే తిరిగి రాదు.

అంచు చూసేటప్పుడు చక్రవర్తి ముఖం మీద ఉలి గాటు ఉందేమో కూడా చూడండి. మన నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన కుప్ప నిండా అగస్టస్, టిబెరియస్ డెనారియస్‌లే. ఇలా ఇండియాలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నిటి మీద అలాంటి గాట్లు ఉంటాయి, మీదీ ఒకప్పుడు ఇటు వచ్చిందేమో.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెబుతున్నా. ఊళ్లో చూపించడానికి దీన్ని ఇండియాకి పట్టుకెళ్లకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని మళ్లీ దేశం దాటించాలంటే కస్టమ్స్‌తో పెద్ద తలనొప్పి. ఫొటోలు చూపించండి, చాలు.