రూటర్ ఏది కొనమంటారు, స్విచ్ ఏది కొనమంటారు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ షాపులు, ఆఫీసుల నెట్ గురించే, అందుకే అన్నీ ఒకచోటే వేసేస్తున్నాం. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి ఊరూ వ్యాపారం మాత్రమే రాస్తున్నాం.

ప్రశ్న: నమస్తే అండి. మాది విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతలో హోల్‌సేల్ బట్టల కొట్టు. కింద కౌంటర్లు, పైన ఆఫీసు, వెనక చిన్న గోడౌన్. 7 కంప్యూటర్లు, 2 ప్రింటర్లు, 10 కెమెరాలు, బిల్లులకి ట్యాలీ సాఫ్ట్‌వేర్. ఇన్నాళ్లూ నెట్ కంపెనీ వాళ్లిచ్చిన బాక్సుతోనే లాగించాం. ఇప్పుడు బిల్లు కొడుతుంటే మధ్యలో ట్యాలీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఒకాయన వచ్చి చూసి 85 వేలకి కొటేషన్ ఇచ్చాడు, అందులో రూటర్ ఒక్కటే 40 వేలు. అంత పెట్టాలా?

జవాబు: అక్కర్లేదండి, మీ కొట్టుకి 40 వేల రూటర్ దండగ. ఎందుకంటే మీ బాధ ట్యాలీతో, ట్యాలీకి బయటి నెట్‌ని కొట్లోకి తెచ్చే రూటర్‌తో పెద్దగా పనే లేదు. డేటా ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, మిగతావన్నీ అక్కణ్ణించే చదువుతాయి, ఆ రాకపోకలన్నీ లోపలి కంప్యూటర్లని కలిపే స్విచ్‌లోనే జరిగిపోతాయి, బయట నెట్ పోయినా బిల్లు పడుతూనే ఉండాలి. అలా పడట్లేదంటే తప్పు వైరులోనో, స్విచ్‌లోనో, లేకపోతే కౌంటర్ కంప్యూటర్లు వైఫై మీద నడుస్తుండటంలోనో ఉంది. బిల్లు సేవ్ అవుతుండగా లింకు ఒక్క క్షణం తెగినా ట్యాలీ ఊరుకోదు, ఒక్కోసారి డేటా కూడా పాడవుద్ది. కాబట్టి మొట్టమొదట కౌంటర్లన్నిటికీ వైరు లాగించండి. రూటర్ సంగతి ఆఖర్న చూద్దాం.

వైరు దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. క్యాట్ 6 నెట్ వైరు బాక్సు 305 మీటర్లు వస్తుంది, సగం రేటుకే ఇస్తానన్నాడంటే అది చాలాసార్లు అల్యూమినియం తీగ మీద రాగి పూత వేసింది. కొనేముందు ఒక పోగు ఊడదీసి బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే వెనక్కి ఇచ్చేయండి. బాక్సు చేత్తో ఎత్తినా తెలిసిపోద్ది, తేలిగ్గా ఉంటుంది. ఆ తీగ కంప్యూటర్లకి ఎలాగోలా లాక్కొస్తుందేమో గానీ కెమెరాలకి కరెంటు కూడా దాంట్లోంచే పంపుతాం కదా, అక్కడ వేడెక్కి ఏడిపిస్తుంది.

ఇక స్విచ్‌లో పోర్టులు, అంటే వైర్లు గుచ్చే గుంటలు, లెక్కేసుకోండి. 7 కంప్యూటర్లు, 2 ప్రింటర్లు కలిపి 9, రూటర్‌కి ఒకటి, కెమెరాల స్విచ్‌కి ఒకటి, పై అంతస్తులో వైఫైకి ఒకటి, మొత్తం 12. 16 పోర్టుల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్ తీసుకుంటే నాలుగు మిగులుతాయి, దసరాకి ఇంకో కౌంటర్ పెట్టినా ఇబ్బంది లేదు. సెట్టింగులేమీ లేని మామూలు అన్‌మేనేజ్డ్ స్విచ్ చాలు. టీపీ-లింక్, డీ-లింక్, నెట్‌గేర్ మూడూ ఈ రకం చేస్తాయి, ఏది సరసంగా వస్తే అది తీసుకోండి. కాకపోతే బాక్సు మీద 10/100/1000 అని ఉందో లేదో చూస్కోండి, 10/100 అని మాత్రమే ఉంటే పాత రకం. 100 ఎంబీపీఎస్ స్విచ్‌లో సెకనుకి 12 ఎంబీ మించి పోదు, అంటే 10 జీబీ బ్యాకప్‌కి పావుగంట దాకా, అదే గిగాబిట్‌లో డిస్కు సహకరిస్తే నిమిషంన్నర. 8 పోర్టుల దాంట్లో ఈ రెంటికీ తేడా మహా అయితే వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఉంటుంది, ఆ వెయ్యి మిగుల్చుకుని చేసేదేముంది చెప్పండి.

కెమెరాలు ఈ స్విచ్‌లో కలపొద్దు, వాటికి నెట్ వైర్లోంచే కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్ వేరేగా పెట్టి రికార్డర్ కూడా దాంట్లోనే గుచ్చండి. 2 మెగాపిక్సెల్ కెమెరా ఒక్కోటీ సుమారు 4 ఎంబీపీఎస్ వేసుకున్నా పదింటికీ 40, ఆ బరువంతా అక్కడికక్కడే తిరుగుతుంది, బిల్లింగ్ జోలికి రాదు. పీఓఈ స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్య చూసి మోసపోకండి. పైన పెద్దక్షరాలతో 8 పోర్టులు పీఓఈ అంటాడు, కింద చిన్నక్షరాల్లో మొత్తం కలిపి 60 వాట్లో ఎంతో అని ఉంటుంది. అసలు ప్రమాణం ప్రకారం ఏఎఫ్ రకం పోర్టు ఒక్కోటీ 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు, ఏటీ రకం అయితే 30, కానీ అన్ని పోర్టులకీ ఒకేసారి అంత ఇచ్చే పవర్ సప్లై లోపల ఉండాలి కదా. తక్కువ పడితే ఏమవుద్దంటే, పగలంతా కెమెరాలు శుభ్రంగా ఉంటాయి, చీకటి పడి లోపలి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడ్డానికుండేవి) వెలిగేసరికి ఒకటో రెండో ఆగిపోతాయి. కెమెరా చెడిపోయిందని మార్పించేస్తారు చాలామంది. మీ పది కెమెరాలకి ఒక్కోదానికి 8 వాట్లు చొప్పున వేసుకుని 80, పైన కాస్త ఎక్కువే ఉండేలా 16 పోర్టులది 120 వాట్లకి తగ్గకుండా తీసుకోండి.

ఇప్పుడు రూటర్. టీపీ-లింక్ ఈఆర్605 లాంటిది, లేదా మైక్రోటిక్ హెక్స్ లాంటిది, ఈ తరగతివి చాలు. రెండింట్లోనూ రెండు నెట్ కనెక్షన్లు పెట్టుకోవచ్చు, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. మైక్రోటిక్ లాట్వియా వాళ్లది, ఆ డబ్బుకి దాంట్లో ఉన్నన్ని సెట్టింగులు ఇంకెక్కడా దొరకవు, కానీ ఆ సెట్టింగులే దాని రోగం కూడానూ, తెలిసిన కుర్రాడు ఊళ్లో ఉంటేనే దాని జోలికెళ్లండి. తెలియకపోతే ఈఆర్605 వైపే పోండి. నెట్ కంపెనీ వాళ్ల బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రూటర్ పని మానేసి లైను మాత్రమే అందించేలా, పెట్టమని అడగండి, లేకపోతే ఒక రూటర్ వెనక ఇంకో రూటర్ అయి లేనిపోని తలనొప్పి.

రెండు కనెక్షన్లు తీసుకున్నా రెంటినీ ఒకేసారి వాడే లోడ్ బ్యాలెన్స్ పెట్టొద్దు, ఒకటి పోతేనే రెండోది అందుకునే ఫెయిలోవర్ పెట్టండి. లోడ్ బ్యాలెన్స్‌లో ఒక క్లిక్కు ఈ లైన్లోంచి, ఇంకో క్లిక్కు ఆ లైన్లోంచి వెళ్తే బ్యాంకు సైటు అనుమానపడి బయటికి నెట్టేస్తుంది. ఇంకో ముక్క, రెండు కంపెనీల ఫైబరూ ఒకే స్తంభం మీంచి మీ సందులోకి వస్తుంటే లారీ తగిలినప్పుడు రెండూ కలిసే తెగుతాయి. కనెక్షన్ తీసుకునేముందు బయటికొచ్చి ఒకసారి పైకి చూడండి.

ప్రశ్న: గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజీ మాది, మిర్చి పెడతారు. ఆఫీసు నుంచి వేబ్రిడ్జి దాకా 180 మీటర్లు ఉంటుంది, నెట్ వైరు లాగాం, మధ్యలో ఒక చిన్న స్విచ్ కూడా పెట్టాం. ఎండాకాలం బానే ఉంటుంది, వాన ఉరుము వచ్చిందంటే పోర్టులు కాలిపోతున్నాయి. ఎక్కువ రేటు స్విచ్ కొంటే ఆగుద్దా?

జవాబు: ఆగదు సార్. రేటు ఎక్కువది పెడితే ఎక్కువ రేటుదే కాలిపోద్ది.

రాగి నెట్ వైరుకి హద్దు 100 మీటర్లు. మీరు మధ్యలో స్విచ్ పెట్టి హద్దు దాటించారు, అది తప్పేం కాదు, పనిచేస్తుంది. కానీ ఆరుబయట అంత పొడుగు రాగి తీగంటే దగ్గర్లో ఎక్కడ పిడుగు పడినా ఆ దెబ్బ దాంట్లోకి పాకుతుంది, పైగా ఆఫీసు ఎర్తింగు వేరు, వేబ్రిడ్జి ఎర్తింగు వేరు, ఆ రెంటి మధ్య తేడా అంతా మీ పోర్టు మీద పడుతుంది. ఫైబర్ వేయించండి. గాజులో కరెంటు పారదు. సింగిల్ మోడ్ ఫైబర్, అటొకటి ఇటొకటి మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు నెట్ వైరుకి కలిపే డబ్బా), అంతే పని. లేదంటే ఫైబర్ కలపడానికి ఎస్‌ఎఫ్‌పీ గుంట ఉన్న స్విచ్‌లు రెండు తీసుకుంటే కన్వర్టర్ల అవసరం కూడా లేదు. మీ ఏరియాలో ఇళ్లకి ఫైబర్ కనెక్షన్లిచ్చే కుర్రాళ్ల దగ్గర అతికే మిషను ఉంటుంది, పూటలో పని అయిపోద్ది. లోపల స్టీలు పొర ఉన్న కేబుల్ వేస్తే మాత్రం ఆ స్టీలుని ఎర్త్ చేయించాలి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది, అందుకని లోహం లేని రకం అడగండి.

స్విచ్‌ని చాంబర్ల తలుపుల దగ్గర మాత్రం పెట్టకండి, తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి, వేడిగాలి కలిసి చెమ్మ పడుతుంది. ఆఫీసు గదిలోనే ఉంచండి.

ప్రశ్న: బ్రాడీపేటలో సీఏ ఆఫీసు, 15 మంది పని చేస్తారు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సిస్కో 2960 స్విచ్ సెకండ్ హ్యాండ్ 24 పోర్టులది కొత్త మామూలు స్విచ్ రేటుకే దొరుకుతోంది, మా తమ్ముడు తెస్తానంటున్నాడు. సిస్కో అంటే సిస్కోనే కదా?

జవాబు: మేడమ్, కాదనను, ఆ వస్తువు గట్టిదే, పదేళ్లయినా చెక్కుచెదరకుండా తిరిగేవి చాలా ఉన్నాయి. కానీ మీ తమ్ముడు తెచ్చేలోపు మూడు సంగతులు కనుక్కోమనండి. మొదటిది, 2960లో పాత రకాల్లో చాలావాటికి కింది పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే, పైకెళ్లే రెండు పోర్టులే గిగాబిట్. పేరు చివర జీ ఉన్నదో, 2960-ఎస్ లేదా 2960-ఎక్స్ అన్నదో అయితే అన్నీ గిగాబిట్ ఉండొచ్చు, మోడల్ నంబరు మొత్తం ఫోటో తీయించుకుని వెతకండి. రెండోది ఫ్యాను. ఇవి సర్వర్ రూముల కోసం చేసినవి, మీ గదిలో బల్ల పక్కన పెడితే పొద్దస్తమానం గుయ్యిమంటానే ఉంటుంది, ఆడిటింగ్ చేసేవాళ్లకి ఆ మోత పడదు. మూడోది, పాత 2960కి కంపెనీ సపోర్ట్ ఎప్పుడో అయిపోయింది, కొత్తగా ఏదన్నా లోపం బయటపడినా సరిచేసి ఇచ్చేవాళ్లుండరు.

వారంటీతో కొత్త 24 పోర్టుల గిగాబిట్ అదే రేటుకి వస్తున్నప్పుడు నేనైతే కొత్తదే తీసుకుంటా. అందరి క్లయింట్ల ఫైళ్లూ ఒకే నెట్‌వర్క్ మీద ఉన్న ఆఫీసు కదా, కావాలంటే ఇంకొంచెం పెట్టి వీలాన్ (ఒకే స్విచ్‌ని వేరువేరు నెట్‌వర్కులుగా విడగొట్టే సౌకర్యం) ఉన్న స్మార్ట్ స్విచ్ కొనుక్కోండి. ఆఫీసుకొచ్చే క్లయింట్లు వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు, లేదనలేం, వాళ్ల ఫోన్లని వేరే వీలాన్‌లో పడేస్తే మీ కంప్యూటర్లు వాళ్లకి కనిపించవు.

ప్రశ్న: ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. ఏటా మే నెలలో స్విచ్ చచ్చిపోద్ది. ఏ కంపెనీది కొనాలి?

జవాబు: కంపెనీ కాదన్నా, చోటు మార్చు. చవక స్విచ్‌లు చాలావాటి కాగితాల మీద 40 డిగ్రీల వరకే అని రాసుంటుంది. బెజవాడలో మేలో బయటే 44, 45 కొడుతుంటే రేకుల షెడ్డు కింద అటక మీద ఎంతుంటుందో నువ్వే ఆలోచించు. కిందకి దించి భుజమెత్తున గోడకి కొట్టు, ఇనప డబ్బాలో మూసిపెట్టొద్దు, పైన ఆయిల్ గుడ్డలు ఆరెయ్యొద్దు. ఫ్యాను లేని ఇనప బాడీ రకం తీసుకో. 50, 60 డిగ్రీల దాకా పనిచేసేవి కూడా ఉంటాయి, కాగితం చూసి అడుగు. అలాగని మరీ నేల మీద కూడా పెట్టకు, 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నేలమీదున్న సామానేం మిగిలింది.

ప్రశ్న: అరండల్‌పేటలో ప్రింటింగ్ ప్రెస్. ఒక్కోసారి స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి టపటపా కొట్టుకుంటాయి, అన్ని కంప్యూటర్లూ ఆగిపోతాయి, ఆపి వేస్తే రెండు నిమిషాలు బాగుంటుంది, మళ్లీ అంతే. స్విచ్ మార్చేయమంటున్నారు.

జవాబు: మార్చకండి, ముందు వైర్లు ఒక్కొక్కటీ పట్టుకుని చివరిదాకా వెళ్లండి. తొంభై పాళ్లు ఎక్కడో ఒక వైరు రెండు కొసలూ అదే స్విచ్‌లో ఉంటాయి, లేదా రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లుంటాయి. ఊడ్చేటప్పుడు బల్ల కింద వేలాడే వైరు కనిపిస్తే ఎవరో పుణ్యానికి పోయి ఖాళీ పోర్టులో గుచ్చేస్తారు. దాన్ని లూప్ అంటారు, ఒక్క మెసేజే గిరగిరా తిరుగుతూ లక్షలై ఊరంతా నింపేస్తుంది. ఒక్కో వైరూ పీకుతూ చూడండి, ఏది పీకితే లైట్లు నెమ్మదిస్తాయో అదే దొంగ. మళ్లీ జరక్కూడదంటే ఈసారి కొనేటప్పుడు లూప్ ప్రొటెక్షన్ ఉన్నది అడగండి, మరీ పెద్ద ఖరీదేం కాదు.

ప్రశ్న: బెంజ్ సర్కిల్ దగ్గర మాకు లేడీస్ హాస్టల్, మూడంతస్తులు. వైఫై 7 రూటర్ ఒక్కటి పెడితే బిల్డింగంతా వస్తుందని షాపతను చెప్తున్నాడు.

జవాబు: రాదమ్మా. 7 అయినా 6 అయినా శ్లాబు శ్లాబే. ఆ డబ్బుతో అంతస్తుకొకటి చొప్పున మూడు వైఫై 6 యాక్సెస్ పాయింట్లు (వైఫై పంచే డబ్బాలు) సీలింగుకి పెట్టించండి, మూడూ వైరుతో కింద పీఓఈ స్విచ్‌కి రావాలి. వైఫైని అందుకుని మళ్లీ పంపే రిపీటర్లు పెడతానంటే వద్దనండి, సగం స్పీడు అక్కడే పోద్ది. ఒక్కో ఫోనుకి ఇంత స్పీడు అని హద్దు పెట్టే సౌకర్యం ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పరీక్షల ముందు రోజు రాత్రి ఎవరో ఒకరు సిరీస్ మొత్తం డౌన్‌లోడ్ పెడతారు, మిగతావాళ్లంతా మీ గది తలుపు కొడతారు. రూటర్ లోపలి అడ్మిన్ పాస్‌వర్డ్ వచ్చిన రోజే మార్చేయండి, వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు.

ప్రశ్న: బిల్లు లేకుండా అయితే 18 శాతం తగ్గిస్తానంటున్నాడు షాపతను. తీసుకోవచ్చా? (కంప్యూటర్ సెంటర్, గుంటూరు)

జవాబు: మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, ఎటూ మీకే వస్తుంది, మీ జీఎస్టీ నంబరు వేయించి బిల్లు రాయించుకోండి. చిన్న వ్యాపారాల కాంపోజిషన్ స్కీములో ఉంటే ఆ క్రెడిట్ రాదు, నిజమే. కానీ వారంటీ కోసం కంపెనీ వాళ్ల దగ్గరికి వెళ్తే మొదట అడిగేది బిల్లే. స్విచ్‌కి మూడేళ్ల వారంటీ ఉందనుకోండి, బిల్లు లేకపోతే మీకు దాంట్లో మూడ్రోజులు కూడా లేనట్టే. అతన్నే ఇంకో రెండు ప్యాచ్ కార్డ్‌లు (రెండు కొసలా పిన్నులున్న చిన్న నెట్ వైర్లు) ఊరికే వెయ్యమని బేరమాడండి, వేస్తాడు.