ఫుట్‌బాల్ క్లబ్ ఓనర్‌పై వార్త రాస్తే రెండు కోట్ల నోటీసు: నన్ను జైల్లో వేస్తారా?

ప్రశ్న: వకీల్ సాబ్‌కు నమస్తే. నేను హనుమకొండలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌ని. ఆటల వార్తలు ఎక్కువగా నేనే చూస్తా. ఇక్కడి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఈ సీజన్‌లో వరుసగా ఏడు మ్యాచ్‌లు ఓడింది. ముగ్గురు కోచ్‌లు మారారు. ఆటగాళ్లకు నాలుగు నెలల జీతం బాకీ ఉంది. క్లబ్ ఓనర్ రియల్ ఎస్టేట్ వ్యాపారి. మూడు వారాల్లో నాలుగు కథనాలు రాశాను. మొదటిది జీతాల బాకీ మీద. రెండోది ‘క్లబ్బును ముంచింది ఓనరే’ అనే శీర్షికతో. మూడోది ‘ఆటంటే తెలియని మనిషి చేతిలో జట్టు’. నాలుగో దాంట్లో ‘స్పాన్సర్లు ఇచ్చిన సొమ్ము ఓనర్ సొంత వెంచర్‌లోకి మళ్లినట్టు విశ్వసనీయ సమాచారం’ అని ఒక వాక్యం ఉంది. ఇప్పుడు లాయర్ నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో బేషరతుగా క్షమాపణ అచ్చు వేయాలట, రెండు కోట్లు కట్టాలట, వార్తలన్నీ వెబ్‌సైట్ నుంచి తీసేయాలట. గ్రౌండ్‌లోకి కూడా రానివ్వడం లేదు. డెస్క్ వాళ్లు ‘రాసింది నువ్వే, నువ్వే చూసుకో’ అంటున్నారు. ఇంట్లో భయపడుతున్నారు. క్షమాపణ చెప్పి వదిలించుకోవాలా?

జవాబు: ముందు ఇంట్లో వాళ్లకు ఈ మాట చెప్పండి. నోటీసు అంటే కేసు కాదు. పరువు నష్టం కేసులో పోలీసులు తెల్లవారుజామున తలుపు కొట్టి పట్టుకుపోవడం ఉండదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద ఈ నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ల సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. ఇది బెయిలబుల్. పైగా పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు. ఓనర్ స్వయంగా మేజిస్ట్రేట్ ముందు ప్రైవేటు కంప్లయింట్ వేసుకోవాలి. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో మీకు ఒక మేలు కూడా జరిగింది. ఆ ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందే మేజిస్ట్రేట్ మీ మాట వినాలి. పాత చట్టంలో ఈ అవకాశం లేదు, సమన్లు అందాకే మనిషికి సంగతి తెలిసేది. కాబట్టి స్టేషన్ నుంచి ఎవరైనా ఫోన్ చేసి ‘ఒకసారి వచ్చి మాట్లాడి సెటిల్ చేసుకో’ అంటే, ఏ కేసులో పిలుస్తున్నారో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వమని మర్యాదగా అడగండి.

ఇక మీ నాలుగు కథనాలు. కట్టింగులు లేకుండా మీరు రాసినదాన్ని బట్టే చెబుతున్నా. నా లెక్కలో మూడింటికి మీరు గట్టిగా నిలబడొచ్చు. నాలుగో దాంట్లోని ఆ ఒక్క వాక్యం మాత్రం నన్ను కలవరపెడుతోంది.

356వ సెక్షన్‌కు పది మినహాయింపులు ఉన్నాయి. అందులో ఆరోది జనం తీర్పు కోసం జనం ముందు పెట్టిన పని గురించి. పుస్తకం అచ్చు వేసినవాడు, వేదికెక్కి మాట్లాడినవాడు, నాటకం ఆడినవాడు తన పనిని జనం ముందు పెట్టినట్టే. టికెట్ అమ్మి మ్యాచ్ ఆడించే క్లబ్బు కూడా ఆ కోవలోకే వస్తుందని నేను వాదిస్తాను. ఈ మినహాయింపు కింద చట్టమే కొన్ని ఉదాహరణలు ఇచ్చింది. జూనియర్లకు నేను ముందుగా చదివించేది వాటిలో రెండింటిని. ‘జెడ్ రాసిన పుస్తకం తెలివితక్కువగా ఉంది, జెడ్ బలహీన మనస్కుడై ఉండాలి’ అని సద్భావంతో రాస్తే నేరం కాదు. అదే, ‘జెడ్ పుస్తకం తెలివితక్కువగా, అసభ్యంగా ఉందంటే నాకేం ఆశ్చర్యం లేదు, మనిషే బలహీనుడు, లంపటుడు’ అని రాస్తే రక్షణ లేదు. రెండు వాక్యాల్లోనూ తిట్టు దాదాపు ఒకటే. మొదటిది పనిని చూసి, ఆ పనిలో కనబడినంత మేరకే మనిషిని అంచనా వేసింది. రెండోది మనిషి మీద ముందే ముద్ర వేసి, దాన్ని పనికి పులిమింది.

ఈ కొలత మీ శీర్షికలకు పెట్టండి. ‘క్లబ్బును ముంచింది ఓనరే’ అన్నదాని కింద ఏడు ఓటములు, ముగ్గురు కోచ్‌లు, వాళ్లు మారిన తేదీలు ఇచ్చే ఉంటారు. పాఠకుడి ముందు పని పెట్టి, దాని మీద మీ తీర్పు చెప్పారు. ఆ తీర్పు కటువుగా ఉండొచ్చు, ఓనర్‌కు నచ్చకపోవచ్చు. కటువుగా ఉన్నంత మాత్రాన అది పరువు నష్టం కాదు. ‘ఆటంటే తెలియని మనిషి’ అన్నదీ అంతే, అందులో ఆయన ఆటకు సంబంధించి తీసుకున్న నిర్ణయాలనే చర్చించి ఉంటే. ఆయన కులం, కుటుంబం, అలవాట్ల జోలికి ఒక్క ముక్క పోయినా నాకు ఇప్పుడే చెప్పండి, కోర్టులో ఎదుటి వకీలు నోట వినాల్సి రాకూడదు.

మొదటి కథనం వేరు. జీతాల బాకీ అభిప్రాయం కాదు, నిజమో అబద్ధమో తేలే విషయం. క్రిమినల్ కేసులో నిజమని చూపితే చాలదు, ప్రజా ప్రయోజనం కోసం రాశామని కూడా చూపాలి. సివిల్ దావాలో అయితే నిజం ఒక్కటే పూర్తి రక్షణ. ప్రజా ప్రయోజనం గురించి మీకు దిగులు వద్దు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కొట్టింది. ఆ తర్వాత ఆటగాళ్ల జీతాల బాకీలు, ఫిఫా ఆంక్షలు పత్రికల్లో నెలల తరబడి వచ్చాయి. చివరికి 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్బు డబ్బు వ్యవహారం ఊరి జనానికి ఎందుకు అని ఏ జడ్జి అయినా అడిగితే చెప్పడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. నేనూ చిన్నప్పుడు కాజీపేట రైల్వే గ్రౌండ్‌లో బంతి తన్నినవాణ్ణే. తండాల నుంచి, గూడేల నుంచి వచ్చిన పిల్లలు నెల జీతం మీద ఆశతో హాస్టల్ గదుల్లో ఉంటారు. వాళ్ల జీతం ఆగితే అది వార్త కాక ఇంకేమిటి? అయితే రుజువు కావాలి. ఆటగాళ్లు మీకు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, వాళ్ల పాస్‌బుక్ పేజీలు, క్లబ్బుతో చేసుకున్న కాంట్రాక్టు కాపీలు కోర్టులో పనికొస్తాయి. మెసేజ్‌లు వచ్చిన అసలు ఫోన్ మార్చకండి, అమ్మకండి, రీసెట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ పెట్టాలి, ఒట్టి స్క్రీన్‌షాట్ ప్రింటు తెచ్చి ఇస్తే ఎదుటివాళ్లు అభ్యంతరం చెబుతారు.

ఇక అసలు ముల్లు. ‘మళ్లినట్టు విశ్వసనీయ సమాచారం.’

మన తెలుగు విలేకరుల్లో చాలామందికి ఒక నమ్మకం ఉంది. ‘సమాచారం’, ‘తెలిసింది’, ‘ఆరోపణలు వినిపిస్తున్నాయి’ అని చివర తగిలిస్తే కేసు తగలదని. ఇది తప్పు. ఒకరు అన్నమాటను మీరు అచ్చు వేస్తే ఆ మాట మీదే. అన్నవాడు ఎవడో చెప్పకపోతే భారం ఇంకా మీ మీదే పడుతుంది. శీర్షిక చివర ప్రశ్నార్థకం పెట్టినా అంతే. స్పాన్సర్ల సొమ్ము సొంత వెంచర్‌కు మళ్లించాడంటే, చదివినవాడికి అర్థమయ్యేది నమ్మకద్రోహం, మోసం. అది జట్టు ఆట మీద విమర్శ కాదు, మనిషి మీద నేరారోపణ. ఆరో మినహాయింపు ఇక్కడ పని చేయదు. మిగిలింది నిజమని నిరూపించడం, లేదా ప్రజల మేలు కోసం సద్భావంతో రాశానని తొమ్మిదో మినహాయింపు చూపడం. సద్భావం అంటే మంచి మనసు అని కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసిన పని సద్భావంతో చేసినట్టు కాదని చట్టమే నిర్వచించింది. కొంత ఊరట ఏమిటంటే, హర్భజన్ సింగ్ (క్రికెటర్ కాదు) కేసులో 1965లోనే సుప్రీంకోర్టు చెప్పింది: ముద్దాయి తన మినహాయింపును ప్రాసిక్యూషన్ లాగా సందేహానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు, ఎక్కువ సంభావ్యత తన వైపు ఉందని చూపితే చాలు.

చాలా ఏళ్ల కిందట ఒక చిన్న పత్రిక విలేకరి తరఫున నేను వాదించాను. బోనులో నిలబెట్టి ఎదుటి వకీలు ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు. ‘ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు, ఏ రోజు, ఎన్ని గంటలకు? నా క్లయింటును మీరు వివరణ అడిగారా?’ మా విలేకరి జేబులోంచి మడతలు పడ్డ నోట్‌బుక్ తీశాడు. తేదీ, టైమ్, ‘ఫోన్ చేశాను, ఎత్తలేదు, మళ్లీ 4.20కి చేశాను, రేపు చెప్తా అన్నాడు’ అని పెన్సిల్‌తో రాసి ఉంది. ఆ పేజీ మమ్మల్ని కాపాడింది. అందుకే అడుగుతున్నా: నాలుగో కథనానికి ముందు మీరు ఓనర్‌ను వివరణ అడిగారా? అడిగినట్టు కాల్ రికార్డో, మెసేజో ఉందా? డబ్బు మళ్లిందని చెప్పిన మనిషి రేపు కోర్టుకొచ్చి చెబుతాడా? విలేకరి తన సోర్స్ చెప్పనక్కర్లేదన్న రక్షణ ప్రెస్ కౌన్సిల్ విచారణలో ఉంది కానీ మామూలు కోర్టులో మనకు అలాంటి చట్టం లేదు.

కాగితం దొరుకుతుందేమో చూద్దాం. క్లబ్బు కంపెనీగా రిజిస్టరై ఉంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో 100 రూపాయలు కట్టి దాని బ్యాలెన్స్ షీట్లు చూడొచ్చు. అందులో సంబంధిత సంస్థలతో లావాదేవీల నోట్ వెతకండి. ఓనర్ తాలూకు వెంచర్ కంపెనీకి క్లబ్బు అప్పు ఇచ్చి ఉంటే అది అక్కడ కనబడాలి. సంఘంగా రిజిస్టరై ఉంటే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఫైల్ ఉంటుంది.

ఏ కాగితమూ దొరక్కపోతే, ఆ ఒక్క వాక్యాన్ని వెనక్కి తీసుకోండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. కానీ బేషరతు క్షమాపణ మాత్రం వద్దు. అది నాలుగు కథనాలనూ అబద్ధమని ఒప్పుకున్నట్టు అవుతుంది, రేపు దావాలో మీ మీదకే ఎగ్జిబిట్‌గా, అంటే సాక్ష్య పత్రంగా వస్తుంది. సవరణ ఇలా ఉంటే చాలు: ‘ఫలానా తేదీన ప్రచురించిన కథనంలో స్పాన్సర్ల నిధులు మళ్లినట్టు రాసిన వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాం. ఆటగాళ్ల వేతన బకాయిలు, క్లబ్ నిర్వహణపై ప్రచురించిన మిగతా అంశాలకు కట్టుబడి ఉన్నాం.’ నోటీసుకు జవాబు కూడా ఇంతే పొడవు ఉండాలి. మీ దగ్గరున్న సాక్ష్యమంతా జవాబులో కుమ్మరించకండి.

రెండు కోట్ల అంకె చూసి బెదరకండి. నోటీసులో ఎంతైనా రాయొచ్చు, దాని మీద కోర్టు ఫీజు లేదు. దావా వేస్తే మాత్రం అడిగిన మొత్తాన్ని బట్టి ఫీజు కట్టాలి. చాలా నోటీసుల్లోని కోట్లు అక్కడే లక్షలవుతాయి. సివిల్ దావాకు గడువు అచ్చయిన రోజు నుంచి ఒక ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. వార్తలు తీసేయాలన్న డిమాండ్‌కు మీరు ఇప్పుడే లొంగనక్కర్లేదు. 2024 మార్చిలో బ్లూమ్‌బెర్గ్, జీ సంస్థల కేసులో సుప్రీంకోర్టు, పత్రిక కథనాన్ని విచారణకు ముందే ఆపే మధ్యంతర ఉత్తర్వు అరుదైన పరిస్థితుల్లోనే ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. అయినా మీకు తెలియకుండా ఏకపక్ష ఉత్తర్వు తెచ్చుకునే ప్రయత్నం చేస్తారు కాబట్టి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ కింద కేవియట్ వేయండి, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టును ముందే కోరడం. అది 90 రోజులు పని చేస్తుంది. హనుమకొండ కోర్టులో వేసి ఊరుకోకండి, వెబ్‌సైట్‌లో ఎక్కడైనా చదవొచ్చు గనక హైదరాబాద్‌లో దావా వేసే అవకాశమూ ఉంది.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి. కోపం తెచ్చుకోకండి. కంట్రిబ్యూటర్లకు జీతం ఉండదని, యాడ్స్ మీద కమీషనే ఆధారమని నాకు తెలుసు. ఈ మూడు వారాల్లో గానీ, అంతకు ముందు గానీ క్లబ్బును, ఓనర్ కంపెనీని యాడ్ అడిగారా? పండగ యాడ్ అయినా సరే. అడిగి, వాళ్లు లేదన్నాక కథనాలు మొదలైతే, వాళ్ల వకీలు పరువు నష్టం పక్కన పెట్టి బలవంతపు వసూళ్ల కేసు పెట్టిస్తాడు. అది 308వ సెక్షన్, ఏడేళ్ల దాకా శిక్ష. పోలీసులే నేరుగా ఎఫ్ఐఆర్ కట్టొచ్చు, బెయిల్ కూడా హక్కుగా రాదు. నా దగ్గరికొచ్చిన విలేకరుల్లో నిజంగా ఇరుక్కున్నవాళ్లు ఇరుక్కుంది రాతలతో కాదు, యాడ్ అడిగిన ఒక మెసేజ్‌తో. ఉంటే ముందు నాకు చూపించండి, డిలీట్ మాత్రం చేయకండి.

డెస్క్ వాళ్ల మాట చట్టంలో చెల్లదు. రాసినవాడితో పాటు ఎంపిక చేసిన ఎడిటర్, ప్రచురించినవాడు, ముద్రించినవాడు కూడా బాధ్యులే. ‘ముంచింది ఓనరే’ అన్న శీర్షిక మీరు పెట్టారా, డెస్క్ పెట్టిందా? మీరు పంపిన కాపీ మెయిల్‌లో ఉంటే తీసి పెట్టుకోండి. ఎడిటర్‌కు నోటీసు కాపీతో రెండు వాక్యాల మెయిల్ పంపండి, సంస్థ తరఫున వకీలును పెట్టమని.

గ్రౌండ్ సంగతి. ప్రైవేటు స్థలమైతే ఎవరిని రానివ్వాలో క్లబ్బు ఇష్టం. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ యునైటెడ్ 2013 అక్టోబరులో, ఓనర్‌కు వ్యతిరేకంగా అభిమానులు చేసిన ర్యాలీని రాసినందుకు ఊరి పత్రికలు మూడింటిని ప్రెస్ బాక్స్ నుంచి గెంటేసింది. ఆ పత్రికలు రాయడం ఆపలేదు. మీరు కూడా టికెట్ కొని గ్యాలరీలో కూర్చుని రాయొచ్చు, అక్కడా ఆపితే రాతపూర్వకంగా కారణం అడగండి. అది ప్రభుత్వ స్టేడియమైతే, క్లబ్బుకు ఏ షరతుల మీద ఇచ్చారో, అద్దె బాకీ ఎంతో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబుతో రాసే ఐదో కథనానికి ‘విశ్వసనీయ సమాచారం’ అవసరం ఉండదు.

నోటీసు వచ్చిన కవరు పారేయకండి, పదిహేను రోజుల లెక్కకు దాని మీది పోస్టు ముద్ర కావాలి. నాలుగు కథనాల ఒరిజినల్ పేపర్లు, ఫోన్, నోట్‌బుక్ తీసుకుని ఈ వారంలోనే అదాలత్ దగ్గర మీకు నమ్మకమైన వకీలును కలవండి. ఈలోగా ఓనర్ మనుషులు ఫోన్ చేస్తే వాదనకు దిగకండి. బెదిరిస్తే రికార్డు చేసి, తేదీ, టైమ్ రాసి పెట్టుకోండి.