పాత స్విచ్, కొత్త ఆటలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక పాఠకుడు): 2018లో కొన్న నింటెండో స్విచ్ (చేతిలో పట్టుకునీ, టీవీకి కలిపీ ఆడే వీడియోగేమ్ మెషీన్) ఉందండీ. మారియో ఒడిస్సీ ఇప్పటికీ హాయిగా నడుస్తోంది. ఈ మధ్య కొన్న పెద్ద ఆటలు మాత్రం మసకగా, ఆగి ఆగి నడుస్తున్నాయి. మెషీన్ పాతబడిందా? దీని తర్వాతి మోడల్ స్విచ్ 2 అమ్ముకోవడానికి అప్‌డేట్లతో కావాలనే నెమ్మది చేస్తున్నారా?

జవాబు: సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. అప్‌డేట్లతో నెమ్మది చేస్తుంటే ఒడిస్సీ కూడా తడబడాలి కదా! మెషీన్ నిక్షేపంలా ఉంది. మారింది ఆటలే.

స్విచ్ 2017 మార్చిలో వచ్చింది. అందులోని ఎన్‌విడియా టెగ్రా ఎక్స్1 చిప్ అంతకు రెండేళ్ల ముందుది. ర్యామ్ 4 జీబీ, అందులోనూ కొంత సిస్టమ్‌కే పోతుంది. ఒడిస్సీని ఈ చిప్ కోసమే తయారు చేశారు కాబట్టి సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు; ఎన్ని ఎక్కువైతే ఆట అంత సాఫీ) ఇస్తుంది. మీరిప్పుడు కొంటున్న పెద్ద ఆటల్లో చాలావాటిని సోనీ వాళ్ల పీఎస్5, పీసీల కోసం తయారు చేసి, తర్వాత స్విచ్‌లో పట్టేలా కుదించారు. ముందు టెక్స్చర్లు (గోడలు, బట్టల మీద కనిపించే నగిషీ) తగ్గిస్తారు, తర్వాత నీడలు, దూరంగా కనిపించే చెట్లు. అదీ చాలకపోతే డైనమిక్ రిజల్యూషన్ పెడతారు. తెర మీద పని పెరిగినప్పుడల్లా ఆట తనంతట తానే రిజల్యూషన్, అంటే బొమ్మ స్పష్టత, తగ్గించుకుంటుంది. ఖాళీ మైదానంలో బాగానే ఉండి, పదిమంది శత్రువులు మీద పడగానే బొమ్మ మసకబారేది అందుకే.

మరి ఇంత అవస్థ పడి ఎందుకు విడుదల చేస్తారంటారా? స్విచ్‌లు 15 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ఆ మార్కెట్‌ను ఎవరు వదులుకుంటారు? కొత్త మెషీన్ వచ్చాక మంచి బృందాలు అటు వెళ్తాయి, పాతదాని వెర్షన్‌కు తక్కువ సమయం, తక్కువ మనుషులు మిగులుతారు. నాణ్యత పడిపోవడానికి చిప్ ఎంత కారణమో ఇదీ అంతే కారణమని మా అభిప్రాయం.

రేపెప్పుడైనా ఒడిస్సీ కూడా తడబడితే అప్పుడు మెషీన్‌ను అనుమానించండి. ముందు వేడి చూడండి. 5 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని కంపెనీ చెబుతుంది, మే నెలలో మీ గుంటూరులో ఆ హద్దు దాటడం ఎంతసేపు? డాక్‌ను (స్విచ్‌ను టీవీకి కలిపే స్టాండును) టీవీ అల్మరాలో ఇరికించకండి. గాలి మెషీన్ వెనకవైపు సందుల్లోంచి లోపలికి వెళ్లి, పైనున్న సందులోంచి బయటికి వస్తుంది. పవర్ బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టి, పవర్ ఆప్షన్స్‌లో పూర్తిగా ఆపేసి, పొడి మెత్తని బ్రష్‌తో ఆ సందుల్లో దుమ్ము తీయండి. ఎయిర్ బ్లోయర్ దగ్గరగా పెట్టి కొడితే ఫ్యాన్ అదుపు తప్పి తిరిగి పాడవుతుంది. వెనక మూత విప్పే సాహసం వద్దు. అక్కడి నాలుగు స్క్రూలకు వై ఆకారపు గాడి ఉంటుంది, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోయి ఇక ఎవరూ విప్పలేరు.

తర్వాత మెమరీ కార్డు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో డేటా మేనేజ్‌మెంట్‌కు వెళ్లి ఆ ఆటను కార్డు నుంచి మెషీన్ మెమరీకి మార్చి ఆడండి. లోడింగ్ ఒక్కసారిగా తగ్గితే దోషం కార్డుదే. చవకగా దొరికే కార్డుల్లో నకిలీలు ఎక్కువ. పైన 512 జీబీ అని ఉంటుంది, లోపల అందులో నాలుగో వంతు కూడా ఉండదు.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు): మా అబ్బాయికి పాత స్విచ్ లైట్ (చేతిలో పట్టుకుని మాత్రమే ఆడే చిన్న మోడల్) ఉంది. ఆట కొనేముందే అది బాగా నడుస్తుందో లేదో తెలుసుకునే దారి ఉందా?

జవాబు: ఉందండీ. ముందు, వేరే మెషీన్ల మీద ఎప్పుడు వచ్చింది, స్విచ్ మీద ఎప్పుడు వచ్చింది చూడండి. ఆలస్యంగా వచ్చినంత మాత్రాన చెడ్డది కాదు. ది విచర్ 3 పీసీలో 2015లో వస్తే స్విచ్‌కు 2019లో వచ్చింది. చేతిలో పట్టుకుని ఆడితే రిజల్యూషన్ 540పీ దగ్గరే ఉంటుంది, అయినా ఆట మొత్తాన్ని 32 జీబీ కార్ట్రిడ్జ్‌లో (మెషీన్‌లో దూర్చే ఆట కార్డులో) కూర్చిన పనితనం మెచ్చుకోవాలి. అదే 2023లో వచ్చిన మోర్టల్ కంబాట్ 1 చూడండి, మొహాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయని ఆడినవాళ్లంతా మొత్తుకున్నారు. హాగ్వార్ట్స్ లెగసీలో ఇంకో రకం రాజీ ఉంది: వేరే మెషీన్లలో నేరుగా నడుచుకుంటూ వెళ్లిపోయే హాగ్స్‌మీడ్ ఊరికి, పాత స్విచ్‌లో లోడింగ్ తెర దాటి వెళ్లాలి. ఆడటానికి అదేం అడ్డు కాదు.

పెట్టె మీద డౌన్‌లోడ్ తప్పనిసరి అని ఉంటే, కార్ట్రిడ్జ్‌లో ఆట మొత్తం లేదని అర్థం. పేరు పక్కన క్లౌడ్ వెర్షన్ అని ఉంటే కొనకండి. ఆ ఆట ఎక్కడో సర్వర్లో నడిచి మీ ఇంటికి వీడియోలా వస్తుంది, బటన్ నొక్కాక స్పందన ఆలస్యమవుతుంది, నెట్ పోతే ఆటా పోతుంది. డెమో (ఉచితంగా ఆడి చూసే భాగం) ఉంటే దింపుకుని, శత్రువులు గుంపుగా వచ్చే చోటిదాకా ఆడించండి. ఇంకొకటి, లైట్‌కు టీవీ కనెక్షన్ ఉండదు కాబట్టి యూట్యూబ్‌లో డాక్‌లో పెట్టి తీసిన వీడియోలు మీకు పనికిరావు. చేతిలో పట్టుకుని ఆడినవే చూడండి.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకుడు): మా బావగారు జపాన్ నుంచి వస్తున్నారు. స్విచ్ 2 అక్కడ చవక అంటున్నారు. తెప్పించుకోవచ్చా? పాత ఆటలు అందులో బాగుపడతాయా?

జవాబు: ఆ చవక వెనక మెలిక ఉంది. అక్కడ చవకగా అమ్మేది (2025లో విడుదలైనప్పుడు 49,980 యెన్లు) జపనీస్ భాష మాత్రమే ఉన్న మోడల్. మెనూలు ఇంగ్లిష్‌లోకి మారవు, జపాన్ ప్రాంతపు అకౌంట్ తప్ప వేరేది కలవదు. మీ పాత అకౌంట్ వేరే దేశానిదైతే అందులో పనిచేయదు. బావగారితో అన్ని భాషల మోడలే తెమ్మనండి, ధర ఎక్కువే. ఛార్జర్ గురించి బెంగ వద్దు, మన 230 వోల్టులకు సరిపోతుంది, పిన్ మార్చే అడాప్టర్ చాలు. పాత స్విచ్ ఛార్జర్‌తో కొత్తది ఛార్జ్ అవుతుంది కానీ, దాంతో టీవీకి కలిపి ఆడలేరు. పాత డాక్ అసలు పనికిరాదు.

పాత మెమరీ కార్డు మీద ఆశ పెట్టుకోకండి. స్విచ్ 2లో ఆటలకు మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకం కార్డే కావాలి. పాత కార్డులోంచి ఫొటోలు, వీడియోలు తీసుకోవచ్చు, అంతే. సేవ్ ఫైళ్లు (మీరు ఆటలో ఎక్కడిదాకా వచ్చారో దాచిన లెక్క) ఎప్పుడూ మెషీన్‌లోనే ఉంటాయి, కార్డు మార్చినంత మాత్రాన రావు. పాతది ఇంకా చేతిలో ఉండగానే రెంటినీ పక్కపక్కన పెట్టి, ఛార్జర్లు తగిలించి, సిస్టమ్ ట్రాన్స్‌ఫర్ చేయండి. సర్వర్ ద్వారా పంపే పద్ధతి ఎంచుకుంటే పాత మెషీన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, జాగ్రత్త.

ఇక బాగుపడటం అంటారా, ఆటను బట్టి ఉంటుంది. 2022లో వచ్చి నత్తనడకకు తిట్లు తిన్న పోకెమాన్ స్కార్లెట్, వైలెట్ ఉచిత అప్‌డేట్‌తో 60 ఫ్రేములకు చేరాయి. జెల్డా సిరీస్‌లోని బ్రెత్ ఆఫ్ ది వైల్డ్, టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ ఆటలకు డబ్బు కట్టి అప్‌గ్రేడ్ చేసుకోవాలి. తయారీదారులే 30 ఫ్రేముల దగ్గర తాళం వేసిన ఆట, అప్‌డేట్ రాకపోతే అక్కడా 30 దగ్గరే ఉంటుంది. ఆ 30 మాత్రం పడిపోకుండా నిలబడుతుంది.

ప్రశ్న (కర్నూలు నుంచి ఒక పాఠకుడు): పాతదాన్ని అమ్మేయనా?

జవాబు: ఇప్పుడే వద్దు. 2025 చివర్లో వచ్చిన పోకెమాన్ లెజెండ్స్ జెడ్-ఏ, మెట్రాయిడ్ ప్రైమ్ 4 పాత స్విచ్‌లోనూ నడుస్తాయి. మునుపూ ఇలాగే జరిగింది: నింటెండో 3డీఎస్ మెషీన్ వచ్చిన మరుసటి ఏడు, 2012లో, పోకెమాన్ బ్లాక్ 2, వైట్ 2లను దానికి ముందున్న డీఎస్ కోసమే విడుదల చేశారు. మూలన పడేస్తే మాత్రం ఆరు నెలలకోసారైనా ఛార్జ్ చేయండి, లేకపోతే బ్యాటరీ చచ్చిపోతుంది.