ముందు ప్రశ్న ఇవ్వు, తర్వాత స్క్రీన్ తెరువు

అమ్మడూ,

ఈ ఏడు టెన్త్ పిల్లలకి కరెంటు పాఠమంతా సమస్యలిచ్చి, ఐఎఫ్‌పీ (క్లాసులో పెట్టిన పెద్ద టచ్ స్క్రీన్) మీద చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో అంత టెన్షనూ పట్టుకుంది.

ఫెట్ సిమ్యులేషన్లు, అదే స్క్రీన్ మీద చేసి చూపించే ఆ ప్రయోగాలు, ముందురోజే డౌన్‌లోడ్ చేసుకో, నెట్‌ని నమ్ముకుని క్లాసుకి వెళ్లకు. తెలుగులో ఉన్నవి తెలుగులోనే పెట్టు.

అసలు సంగతి ఇది. గుంటూరులో నాతో పనిచేసిన ఒక మాస్టారు రాత్రంతా కూర్చుని తయారై, ప్రొజెక్టర్ తెచ్చి, క్లాసులోకి రాగానే సిమ్యులేషన్ తెరిచేశాడు. బల్బులు వెలిగాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు నేను ఆ క్లాసుకెళ్లి, 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపి ఇంటి కరెంటుకి పెడితే ఏది ఎక్కువ వెలుగుతుందిరా అంటే అందరూ వందే అన్నారు! పాపం, ఆయన మొహం చిన్నబోయింది. కష్టంలో లోపం లేదమ్మా, పిల్లల బుర్రలో ప్రశ్న పుట్టకముందే బొమ్మ చూపించేశాడు, అంతే. కెనడాలో మెక్‌మాస్టర్ మెడికల్ కాలేజీవాళ్లు 1969లో సమస్యతో నేర్పే ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు కూడా ముందు రోగి సమస్య ఇచ్చారు, పాఠం దాని వెనకాల వచ్చింది.

అందుకని ముందు ఆ బల్బుల ప్రశ్నే ఇచ్చి, ఏది ఎక్కువ వెలుగుతుందో, ఎందుకో ప్రతివాడి చేతా నోట్సులో రాయించు. వాదించుకోనీ, తప్పు రాసినవాణ్ణి ఒక్క మాట కూడా అనకు. అప్పుడు స్క్రీన్ తెరిచి 60, 100 వాట్ల బల్బుల రెసిస్టెన్స్ (కరెంటుని అడ్డుకునే గుణం) వరసగా 88, 53 ఓములు పెట్టు (230 వోల్టుల దగ్గర అసలు విలువలు దాదాపు 882, 529, నిష్పత్తి అదే). కరెంటు రెండిటిలో ఒకటే కాబట్టి రెసిస్టెన్స్ ఎక్కువున్న 60 వాట్లదే బాగా వెలుగుతుంది. ఆ తర్వాత బెజవాడ దసరా సీరియల్ సెట్లో ఒక్క బల్బు పోతే వరసంతా ఎందుకు ఆరిపోతుందో అడుగు, ఇంట్లో ఫ్యాను ఆపితే లైటు ఎందుకు ఆరదో కూడా.

నా భయం ఇంకోటి. షార్ట్ చేస్తే సిమ్యులేషన్‌లో బ్యాటరీ మీద మంట వస్తుంది, రీసెట్ నొక్కితే పోతుంది. ఇంట్లో ప్లగ్గుకి రీసెట్ ఉండదని మొదటి రోజే గట్టిగా చెప్పు. చిన్నప్పుడు మా ఇంట్లో ప్లగ్గులో పిన్నీసు పెట్టబోతే మీ అత్త నీ చెయ్యి పట్టి లాగేసింది, గుర్తుందా? ఆరోజు నిన్ను తిట్టి, సాయంత్రం దాకా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

స్క్రీన్ అయ్యాక టార్చి సెల్స్‌తో చేత్తో కూడా చేయించు. నా దగ్గర హోల్డర్లూ చిన్న బల్బులూ డబ్బా నిండా ఉన్నాయి. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, భోజనం ఇక్కడే.

మీ మావయ్య